రెండు ముక్కల రైఫిల్

"ప్రయాణానికి తేలికైన రైఫిల్ ఒకటి ఎంచిపెట్టాలి. నీ పని అంతే," అన్నాడు నరసరాజు.

బీరంగూడలోని ఆ ఫ్లాట్ బయట ట్యూషన్ సెంటర్ బోర్డు వేలాడుతుంటుంది. లోపల నడిచేది దేశపు గూఢచారి విభాగం శాఖ. దానికి నరసరాజు అధిపతి. ఎదురుగా కూర్చున్న మహిత అతని ఏజెంట్లలో తుపాకులు బాగా తెలిసిన మనిషి.

నరసరాజు సంగతి క్లుప్తంగా చెప్పాడు. గడ్డపోతారంలో మూతపడిన ఒక మందుల కంపెనీ షెడ్డులో విదేశీ ముఠా ఒకటి విషరసాయనం తయారు చేయించింది. దాన్ని పసిగట్టింది ప్రభుత్వ ల్యాబ్ హెడ్ కమలాకుమారి. ఆమె త్వరలో కోర్టులో సాక్ష్యం చెప్పాలి. ఈలోగా ఆమెను చంపడానికి హోల్గర్ అనే షూటర్ దిగాడు. అతనికి తుపాకీ ఎంచిపెట్టాల్సిన గోవా బ్రోకర్ లిండా డిసౌజా ఎయిర్‌పోర్టులో పట్టుబడింది. ముఠాలో ఎవరూ ఆమె ముఖం చూడలేదు.

"అంటే రేపటి నుంచి నేనే లిండాని."

"అవునమ్మా. నీకు తెలుగు రాదు, గుర్తుంచుకో. ఎక్కడ, ఎప్పుడు కొడతారో తెలియగానే ఈ గాజు మీది పూసను నొక్కు. సిగ్నల్ మాకు చేరుతుంది." కాస్త ఆగాడు. "లోపల శ్రావ్య ఉంది. మన మనిషే. కాకపోతే ఈ మధ్య ఆమె మన మనిషో వాళ్ల మనిషో నాకే తెలియడం లేదు."

మర్నాడు పొద్దున్నే గడ్డపోతారంలో మహిత కారు దిగేసరికి తియ్యగా కుళ్లిన కెమికల్ వాసన ముక్కుపుటాలకు కొట్టింది. అక్కడే ఇంకో షెడ్డు ముందు పట్టుచీర, నల్లకళ్లద్దాలు, నెత్తురురంగు గోళ్లతో శ్రావ్య నిలబడి ఉంది.

"నమీబియాలో చలి ఎలా ఉంది?" అని ఇంగ్లీషులో అడిగింది.

"దుప్పి వేటకు సరిపోయేంత," అంది మహిత.

కోడ్ కలిసింది. శ్రావ్య నవ్వి, మహిత ఫోను, వాచీ తీసుకుంది. ఆఖరున గాజు కూడా లాగి, వెలుగులో తిప్పి చూసి, తన చేతికే తొడుక్కుంది.

లోపల ఉన్నది పాత కోల్డ్ రూమ్. గోడలన్నీ స్టీలు. ఒకటే తలుపు. దానికి లోపలి వైపు పిడి కోసేశారు. తలుపు మూసుకోగానే బయటి జనరేటర్ల మోత దూరమైంది. కిటికీ లేదు. గాలి కదలడం లేదు. ఎవరైనా బయటి నుంచి తెరిస్తే తప్ప ఈ గదిలోంచి పోయే దారి లేదని మహితకు అర్థమైంది.

హోల్గర్ పొడుగ్గా, మర్యాదగా ఉన్నాడు. అతనికి కావలసినవి రెండే. రైఫిల్ రెండు ముక్కలుగా విడిపోయి లాప్‌టాప్ బ్యాగులో ఇమడాలి. ఆ బ్యాగు తగిలించుకుంటే భుజం ఒకవైపు వంగకూడదు. పండగ రోజులని హైవే మీద కార్లన్నీ ఆపుతున్నారు కాబట్టి, అతను పక్క కంపెనీ స్టాఫ్ బస్సులో వెళ్తాడు. మెషీన్లు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీర్లు ఆ బస్సులెక్కడం ఇక్కడ కొత్త కాదు.

బల్ల మీద మూడు రైఫిళ్లున్నాయి. మొదటిది అందంగా ఉంది కానీ దూరం కొట్టదు. రెండోది అన్నిటికన్నా తేలిక. అయితే గురి చూసే స్కోప్ దానికి వెనక ముక్క మీద ఉంది. విడదీసి మళ్లీ బిగిస్తే బ్యారెల్ వెంట్రుకవాసి జరుగుతుంది, గురి తప్పుతుంది. మూడోదానికి స్కోప్ బ్యారెల్ మీదే ఉంది. ఎన్నిసార్లు విప్పి బిగించినా గురి మారదు. బరువు మాత్రం కొంచెం ఎక్కువ.

మహిత రెండోదాన్ని చేతిలోకి తీసుకుంది. "ఇది. బ్యాగులో ఉన్నట్టే తెలియదు."

హోల్గర్ దాన్ని విప్పి, బిగించి, గది చివర ఇసుక బస్తా మీది గుర్తుకు కొట్టాడు. గుండు పక్కన పడింది. అతను మెల్లగా ఆమె వైపు తిరిగాడు.

"గురి తప్పే తుపాకీ ఎందుకు చెప్పారు, మిస్ డిసౌజా?"

మహిత మూడోదాన్ని అతని వైపు జరిపింది. "మీరు బరువు ఉండకూడదన్నారు. గురి కావాలంటే మూడోది. భుజం వంగకుండా బ్యాగు పట్టీ పొట్టి చేసుకోండి."

మూడోదాన్ని అతను మళ్లీ మళ్లీ విప్పి కొట్టాడు. ప్రతి గుండూ ఒకే చోట పడింది. తన నోటితోనే ఒక మనిషి చావును ఎంచిపెట్టినట్టయింది మహితకు.

పని ఈ మధ్యాహ్నమే అన్నాడు హోల్గర్. పటాన్‌చెరు ల్యాబ్ గేటు దగ్గర ఆయుధపూజ. కమలాకుమారి వ్యాన్ల ముందు గుమ్మడికాయ కొడుతుంది. ఎదురుగా సగం కట్టిన అపార్ట్‌మెంట్ ఉంది. తుపాకీ ఎంచినవాళ్లు గుండు పేలేదాకా తన పక్కనే ఉండాలన్నది అతని నియమం.

ఎక్కడ, ఎప్పుడు అన్నది తెలిసింది. చెప్పే దారి శ్రావ్య చేతికి ఉంది.

అంతలో తలుపు తెరుచుకుంది. పసుపు కుంకుమల ఇత్తడి పళ్లెంతో సంగప్ప వచ్చాడు. ఆ షెడ్డులో లేతు మిషన్ ఫిట్టరతను. ఈ తుపాకులు సినిమా షూటింగ్‌వని అతనికి చెప్పారు.

"ఇయ్యాల ఆయుధపూజ మేడం. లేతుకు, డ్రిల్లుకు అన్నిటికి బొట్లు పెట్టిన. గీ సినిమా సామాన్‌ను ఒట్టిగ ఇడిశిపెడ్తె మంచిగుండదు."

హోల్గర్ ముఖం చిట్లించాడు. వద్దంటే ఊరంతా దీని గురించే చెప్పుకుంటారని శ్రావ్య అతనికి నచ్చజెప్పింది.

"ఆడామె చేతుల మీదికెల్లి అయితే ఇంక మంచిది," అన్నాడు సంగప్ప.

శ్రావ్య తన గోళ్లు చూసుకుంది. పళ్లెం మహిత వైపు తోసింది.

మూడు రైఫిళ్లూ ముక్కలుగా విప్పి ఉన్నాయి. మహిత ఏమీ తెలియని దానిలా పసుపు ముద్ద తీసుకుని ఒక్కోదానికి పూసింది. మూడోదాని దగ్గర బొటనవేలు బ్యారెల్ చివరికి జారింది. వెనక ముక్కలో తిరిగి బిగిసే గాడుల్లోకి ముద్దను లోతుగా అదిమింది. గడపకు పూసిన పసుపు ఎండితే పీచు పెట్టి తోమినా వదలదని ఇల్లు కడిగే ప్రతి ఆడదానికీ తెలుసు.

"బొట్టు వెట్టినంక ఇయ్యాల ముట్టద్దు. గా తెల్లసారుకు జెర చెప్పుండ్రి," అని సంగప్ప వెళ్లిపోయాడు. హోల్గర్ నవ్వుతూ పైకి కనిపించిన బొట్లు రుమాలుతో తుడిచి ముక్కలను బ్యాగులో పెట్టాడు.

బస్సులో మహితను కిటికీ వైపు కూర్చోబెట్టి, శ్రావ్య కొంగు కింద నుంచి పిస్టల్ ఆమె పక్కటెముకలకు ఆనించింది. బంతిపూల దండలు కట్టిన లారీలు పక్కనుంచి పోతున్నాయి. రోడ్డు మీద అంత జనం. ఒక్కరికీ చెప్పే వీలు లేదు.

అపార్ట్‌మెంట్ మెట్లెక్కేటప్పుడు శ్రావ్య ఆమె చెవి దగ్గర తెలుగులో అంది. "చేతికి మిగిలిన పసుపు మెడకు రాసుకున్నవు చూడు. గోవా డిసౌజాలు గట్ల రాసుకోరక్కా."

మహిత కాళ్లు రెండు మెట్ల మధ్య నిలిచిపోయాయి. చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు. చేసినట్టు కూడా ఆమెకు తెలియదు.

"నడువు," అంది శ్రావ్య. హోల్గర్‌కు మాత్రం ఏమీ చెప్పలేదు.

గోడలు ఇంకా కట్టని అంతస్తులో హోల్గర్ సిమెంటు బస్తాల వెనక మోకాళ్ల మీద కూర్చున్నాడు. కింద కమలాకుమారి కొంగు నడుముకు దోపి, గుమ్మడికాయ పైకెత్తింది. అతను బ్యారెల్ పెట్టి తిప్పాడు. తిరగలేదు. తీసి, మళ్లీ పెట్టి, బలంగా తిప్పాడు. సగం దాకా వచ్చి బిగుసుకుంది. లాక్ పడలేదు. లాక్ పడనిదే పేలదు. కత్తి మొనతో గాడిలో గీకితే పసుపు పెచ్చు ఒకటి రాలింది.

అతను మహిత వైపు తిరిగాడు. కత్తి చేతిలోనే ఉంది.

కింద గుమ్మడికాయ పగిలింది.

"కత్తి కింద పడేయ్, హోల్గర్," అంది శ్రావ్య. ఆమె పిస్టల్ ఇప్పుడు అతని తలకు గురిపెట్టి ఉంది. రెండో చేతి బొటనవేలు గాజు మీది పూసను నొక్కుతోంది. "నేను మొదటి నుంచీ డిపార్ట్‌మెంట్ మనిషినే."

పోలీసులు మెట్లెక్కి వచ్చేదాకా ఆమె పిస్టల్ దించలేదు. రైఫిల్ లాక్ పడి ఉంటే ఆ పిస్టల్ ఎటు తిరిగి ఉండేదో మహిత అడగలేదు. శ్రావ్య చెప్పలేదు. గాజు కూడా తిరిగి ఇవ్వలేదు.

పండగ వెళ్లాక కమలాకుమారి నుంచి మహితకు ఫోన్ వచ్చింది. ఆ పసుపును తన ల్యాబులోనే పరీక్ష చేశారట.

"ఉత్త పసుపు అంత గట్టిగా పట్టదమ్మా. సగానికి సగం సుద్దపొడి కలిపారు. గడ్డపోతారంలో ఏ కొట్టులో కొన్నారో కనుక్కో. కల్తీ కేసు పెట్టాలి."

"పెట్టండి మేడం," అంది మహిత. "కాకపోతే ముందు ఆ కొట్టతనికి ఒక శాలువా కప్పి పెట్టండి."