బకెట్ పట్టుకున్న మనిషి

"పెళ్లి పందిట్లో తిరిగిన కుక్క కూడా ఉంది సీడీలో. మా నాన్నే లేరు. అదెలాగండీ?"

అమలాపురంలో ఆ ఫోటో స్టూడియో మెట్లెక్కి, తడిసిన గొడుగు ముడవకుండానే దుర్గాశ్రీ అడిగిన మొదటి మాట అది. 2006 ఆషాఢం. బయట ఒకటే వాన.

సత్తిరాజు తలెత్తలేదు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేదీ, వాటిని దాచే లినక్స్ మిషన్ చూసుకునేదీ అతనే.

"కెమెరాలో పడలేదేమోనండి."

పచ్చి అబద్ధం. భోజనాల దగ్గర వియ్యాలవారే కనిపించాలని, వడ్డించేవాళ్లను వీడియోలోంచి కోసేయడం ఆ స్టూడియో అలవాటు. ఆ పెళ్లిలో కోసింది తనే.

ఆమె తండ్రి రామ్మూర్తి ముమ్మిడివరం దగ్గర రొయ్యల చెరువులో మోటారు షాకు కొట్టి పోయి పది రోజులైంది. రేపు పెద్దకర్మ. దండ వెయ్యడానికి ఇంట్లో ఒక్క ఫోటో లేదు. ఆయన కెమెరాకి చిక్కింది అన్న కూతురి పెళ్లిలోనే.

"మీరు తీసిందంతా ఉందాండీ?"

"ఉందండి. తొమ్మిది గంటలు. ఫ్రేములు కట్టే పాపారావు గారేమో ఏడింటికి కొట్టు మూసేస్తారు. ఇప్పుడు నాలుగు."

"అయితే పరిగెత్తించండి."

పరిగెత్తించాడు. నాలుగు హార్డ్ డిస్కులు కలిపి కట్టిన పెట్టె అది. పదహారు రెట్ల వేగానికి బొమ్మ ఆగి ఆగి వస్తోంది. కొలిచి చూస్తే సెకనుకి నలభై మెగాబైట్లు. నాలుగు డిస్కులుండి అంతేనా అని అతనికే సిగ్గేసింది.

"ఏమైందండీ?"

"గరిటెడు సాంబారుకోసారి పొయ్యి దగ్గరికి వెళ్లొస్తోందండి ఇది. అడక్కముందే బకెట్ నింపి తెచ్చుకోమని చెప్పాలి. రీడ్ ఎహెడ్ అంటారు."

"మా నాన్నా అంతేనండి. ఎవరూ అడక్కముందే వడ్డించేసేవారు."

సత్తిరాజు తల దించుకుని కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

రెండొందల యాభై ఆరుగా ఉన్న ఆ రీడ్ ఎహెడ్ అంకెను ఎనిమిది వేలు దాటించి మళ్లీ కొలిచాడు. నూట ముప్పై మెగాబైట్లు. బొమ్మ ఇక ఆగలేదు. ఇరవై నిమిషాల్లో భోజనాల పందిరి వచ్చింది. బకెట్ పట్టుకుని నడుం వంచి వడ్డిస్తున్న మనిషి తలెత్తి, కెమెరాను చూసి, సిగ్గుగా నవ్వి, తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"నాన్నా," అంది దుర్గాశ్రీ.

ఆ నవ్వును ప్రింటు తీసి ఇస్తూ సత్తిరాజు ఉండబట్టలేకపోయాడు. "కెమెరాలో పడలేదన్నది అబద్ధమండి. కోసింది నేనే."

ఆమె అతని వంక ఒక్కసారి చూసింది. ఆ చూపు కంటే చెంపదెబ్బ నయం. ఫోటోను చున్నీ కింద దాచుకుని వానలోనే వెళ్లిపోయింది. గొడుగు స్టూడియోలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత అతను ఒక్క వడ్డించేవాణ్ణీ కోయలేదు. యజమాని చేత రోజూ చివాట్లు తిన్నాడు.

నెల మాసికం మర్నాడు ఆమె మళ్లీ మెట్లెక్కింది.

"గొడుగు జాగ్రత్తగానే ఉందండి," అన్నాడు గబుక్కున లేచి.

"గొడుగు కోసం రాలేదు. ఫోటోలో మా నాన్న కదలట్లేదండి."

"రండి, వేస్తాను."

"మీ మీద కోపం పోలేదు."

"ఆయ్."

"రోజూ మీరే గుర్తొస్తున్నారు. దానికి ఇంకా కోపంగా ఉంది."

అతను మౌస్ పట్టుకున్నాడు. "ఎంత స్పీడులో వెయ్యమంటారండీ?"

"ఆయన నడిచే స్పీడులో," అని కుర్చీ లాక్కుని అతని పక్కనే కూర్చుంది.