తక్‌పట్టి తెగని శనివారం

"ఆరింటికి పోచంపాడు డ్యామ్ దగ్గర డైనమైట్ పేలుతుంది. ఐదింటికే ఆపాలి," అన్నాడు చీఫ్.

1966 మార్చి, శనివారం. ఏజెంట్ గంగన్న కుర్చీలోంచి లేచాడు. ఆ డ్యామ్ పనిలో రాళ్లు మోస్తున్నవాడు అతని సొంత తమ్ముడు లింగన్న.

"పేల్చేవాడెవడో తెలియదు. బొంబాయిలో తన మనిషికి సొమ్ము ముట్టిందని తెలిస్తేనే వాడు ఫ్యూజు ముట్టిస్తాడు. సొమ్ము విదేశీ ముఠాది. పంపేది పసుపు సేటు. అతనికి ఐదు కంపెనీలు. వాటిలో ఎవరికెవరు ఎంత బాకీయో శనివారం శనివారం ఆర్మూర్ దుకాణంలో లెక్కేసి, బాకీకి బాకీ కొట్టేసి, మిగిలిన తేడా ఒక్కటే చెల్లిస్తారు. ముఠా సొమ్ము ఆ తేడాలో కలిసిపోతుంది. మనకేదీ చిక్కదు. ఐదింటికి అకౌంటెంట్ కమలాబాయి ట్రంక్ కాల్‌లో బొంబాయికి లెక్క చెబుతుంది."

"ఆమె మన మనిషే కదా సార్?"

"వాళ్ల మనిషి కూడా."

నాలుగున్నరకు గంగన్న పసుపు కొనే అడ్తిదారు వేషంలో దుకాణం మెట్లెక్కాడు. తలకు రుమాలు, చంకలో కెమెరా దాచిన గొడుగు. కమలాబాయి నల్లకళ్లద్దాలు తీసి చూసింది. అబ్బ, ఏం అందం! ఏం లాభం, నమ్మాలో వద్దో తెలియదాయె.

"పసుపు ఎండిందా బాయీ?"

"ఇంక పచ్చిగనే ఉంది."

కోడ్ సరిపోయింది. ఆమె కళ్లు మాత్రం గడియారం మీదే ఉన్నాయి.

అంతలో కాంటా దగ్గర లొల్లి. మెండోర నుంచి పసుపు తెచ్చిన రైతు నీలవ్వ తన బస్తా మీద కూర్చుంది.

"రెండు కిలోలు తరుగు తీస్తరా? నేనొప్ప!"

రైతు ఒప్పుకోనిదే అమ్మకపు చీటీ, అదే తక్‌పట్టి, తెంపకూడదు. అది తెగనిదే ఆర్మూర్ లెక్క ముగియదు. ఇది ముగియనిదే మిగతా నాలుగు కంపెనీల లెక్కా తేలదు. గంగన్నకు ప్రాణం లేచొచ్చింది.

"ఒప్పకు అవ్వా! అన్యాలం గిది!"

గుమాస్తా పాండురంగానికి చెమటలు పట్టాయి. "గా రెండు కిలోలు ఇచ్చేస్తం, జర లేవు అవ్వా!"

"ఇప్పుడిచ్చేటోనివి అప్పుడెందుకు తీసినవ్? మొత్తం మళ్ల కాంటా మీద జోకు!"

ఐదు. ఫోన్ మోగింది. కమలాబాయి రిసీవర్ ఎత్తింది.

"అందాజ లెక్క చెప్పు బాయీ! సేటు చంపుతడు!" అన్నాడు పాండురంగం.

గంగన్న జేబులోని రివాల్వర్ పట్టుకున్నాడు.

"బొంబాయా? ఆర్మూర్ లెక్క తేలలేదు. ఇయ్యాల చెల్లింపులు బంద్." ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆరు దాటింది. డ్యామ్ పేలలేదు. సొమ్ము కోసం బొంబాయి ఆఫీసులో తగువుకు దిగినవాణ్ని మనవాళ్లు పట్టుకున్నారు. పేల్చేవాడి పేరు వాడి నోటే రాలింది. పోస్టాఫీసు ఫోన్‌లో ఆ కబురు విన్న గంగన్న, తమ్ముడు బతికాడని అక్కడి మెట్ల మీదే ఏడ్చేశాడు.

కమలాబాయి పక్కనే నిలబడింది. "లెక్క ఎందుకు చెప్పలేదో వాళ్లకు ఎరుకైతది. నన్ను బతకనియ్యరు. జర ఏడన్న దాస్తరా?"

గంగన్న చీఫ్‌కు ఫోన్ చేసి, తల దించుకుని వచ్చాడు. "ఫైలు పంపాల్నంట. మూడు సంతకాలు కావాల్నంట."

"మూడా?" అంది కమలాబాయి. "గా ముఠావోళ్లకైతే ఒక్కటే చాలు."