కొండ సైకిలుకు శెనక్కాయ నూనె

"ఏమప్పా, ఈ సైకిలు కొండెక్కుతాదా, లేకుంటే నువ్వే భుజాన మోసుకోని ఎక్కుతావా?"

కిరణ్‌కుమార్ తలెత్తాడు. ఎదురుగా ఉదయశ్రీ. కడపలో వైశ్య సంఘంవాళ్లు పెట్టిన ఎగ్జిబిషన్‌లో ఎదుటి స్టాల్ పిల్ల. రాజంపేట నూనె మిల్లు కేశవయ్య కూతురు. వాళ్ల శెనక్కాయ నూనె కోసం జనం విరగబడుతున్నారు. ఇవతల 'మౌంటెన్ బైకింగ్ క్లబ్' బ్యానర్ కింద కిరణ్ ఒక్కడే ఈగలు తోలుకుంటున్నాడు. ఊళ్లో గేర్ల సైకిలునే వింతగా చూసే రోజులవి.

"ఎక్కుతాది. ఆదివారం పాలకొండలకు పోతాండాం. నువ్వూ రా."

"మా నాయన పంపిస్తే కదా! ఆయన్ని నువ్వే ఒప్పించు, చూస్తా."

అనేసి కళ్లతోనే నవ్వింది. కిరణ్ పని అక్కడే అయిపోయింది. శనివారంతో ఎగ్జిబిషన్ ముగుస్తుంది, సోమవారం ఈ పిల్ల ఊరెళ్లిపోతుంది. ఉన్నది ఆ ఒక్క ఆదివారమే.

శనివారం సాయంత్రం, సైకిలు భద్రమేనని చూపించడానికి కేశవయ్యను బతిమాలి తన స్టాల్‌కు తీసుకొచ్చాడు. బెంగళూరు నుంచి తెప్పించిన డిస్క్ బ్రేకుల సైకిలెక్కి, చెక్కలతో కట్టిన ఏటవాలు మీంచి దర్జాగా దిగాడు. బ్రేకు నొక్కాడు. సైకిలు ఆగలేదు. ఇంకా గట్టిగా నొక్కాడు.

"తప్పుకోండప్పా!" అని అరుస్తూ నేరుగా పోయి కేశవయ్య స్టాల్‌లో పేర్చిన డబ్బాల మీద పడ్డాడు.

కేశవయ్యకు కోపం నషాళానికంటింది. "ఈడ నిలబడని సైకిలు కొండమీద నిలబడతాదా? దీని మీద నా కూతుర్ని ఎట్ల పంపాల?"

కిరణ్ లేచి బ్రేకు తడిమి చూశాడు. వేళ్లకు జిడ్డు. శెనక్కాయ నూనె వాసన. తలెత్తితే ఉదయశ్రీ మొహం పాలిపోయి ఉంది. అతనికి అర్థమైపోయింది.

"నాదే తప్పు" అన్నాడు. "బ్రేకు చూసుకోలేదు."

"అబద్ధం నాయనా!" ఉదయశ్రీ ముందుకొచ్చింది. "పొద్దున్నుంచి ఆ బ్రేకు కీచుమంటాంది. ఇతను టీకి పోయినప్పుడు నేనే మన నూనె పోసినా. మంచి చేస్తాండా అనుకుంటి."

మిల్లు ఇంట్లో పుట్టిన పిల్ల మరి. తలుపు అరిచినా, గానుగ అరిచినా ఇంత నూనె పోయడమే తెలుసు. ఒక్క బ్రేకుకే పోయకూడదని ఆమెకెవరు చెప్పారు?

కేశవయ్య కిరణ్ వైపు తిరిగాడు. "మరి నువ్వెందుకప్పా నీ మీదేసుకుంటివి?"

చుట్టూ జనం పోగయ్యారు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని కిరణ్‌కు తెలుసు.

"ఉదయశ్రీ అంటే నాకు శానా ఇష్టం. నలుగురిలో మాట పడతాంటే చూడలేను."

ఇన్నాళ్లూ అతన్ని ఆటపట్టించిన పిల్ల గబుక్కున వంగి, దొర్లిపోయిన డబ్బాలు ఏరసాగింది.

కేశవయ్య మీసం దువ్వుకున్నాడు. "మీది ఏ గోత్రం?" అని అడిగాడు.

ఉదయశ్రీ డబ్బాలు వదిలేసి కిరణ్ వైపు చూసింది. ఇద్దరిదీ ఒకే కులమే అయినా, ఒకే గోత్రమైతే అన్నాచెల్లెళ్ల వరస, అంతటితో సరి. కిరణ్ తన గోత్రం చెప్పాడు.

"మాది వేరేలే" అన్నాడు కేశవయ్య, పడిపోయిన డబ్బా ఎత్తి పెడుతూ. "ముందు ఆ బ్రేకు బాగు చేయించు. రేపు మీరు కొండకు పోండి. నేను మీ ఇంటికి పోతా. మీ నాయనతో మాట్లాడేది ఉండాది."

"నాయనా! నేనింకా సరే అనలేదు" అంది ఉదయశ్రీ.

"అయితే పోవద్దా?"

ఆమె కిరణ్‌ను ఒకసారి కిందికీ పైకీ చూసింది.

"పో నాయనా. పొద్దున్నే పో."