గరాజ్‌లో తడి

టెక్సాస్‌లో మేముండే కాపెల్‌లో, మా వీధికి అవతల, దారి ఆగిపోయే చోట ఒక ఇల్లుంది. దక్షిణం వాకిలి. మనవాళ్ళు ఆ ఇల్లు కొనకపోవడానికి ఆ ఒక్కటి చాలు. కానీ దానికి అంతకంటే పెద్ద చెడ్డపేరే ఉంది. సాయంత్రం పూట వాకింగ్‌కి వచ్చే ఆడవాళ్ళు ఆ మలుపు దాకా వచ్చి, మాట మధ్యలో ఆపేసి వెనక్కి తిరుగుతారు. హాలోవీన్ రోజు కూడా పిల్లలు ఆ తలుపు తట్టరు.

అక్కడ ఒకప్పుడు వాల్టర్ అనే ముసలాయన, ఆయన భార్య ఉండేవారట. ఆమెకి కీళ్ళనొప్పులు. వేణ్ణీళ్ళు పడితే తప్ప కాలూ చెయ్యీ కదిలేవి కావు. అందుకని ఆయన రోజూ తెల్లవారకముందే లేచి, దగ్గుకుంటూ గరాజ్‌లోకి వెళ్ళి, వాటర్ హీటర్ వేడి పెంచి వచ్చేవాడట. ఒకరోజు అలా వెళ్ళిన మనిషి మళ్ళీ లోపలికి రాలేదు. హీటర్ పక్కనే, నేల మీద...

ఆ తర్వాత ఆ ఇల్లు కొన్నవాళ్ళెవరూ అక్కడ నిలవలేదంటారు. ఈ సంగతంతా మాకు మా వీధిలో ఉండే దమయంతి గారు చెప్పారు. ఆవిడకి ఎవరు చెప్పారో ఆవిడకే గుర్తులేదు. మా కాలనీలో వార్తలు ఇలాగే తయారవుతాయి.

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. ముందే చెప్తున్నాను. కాకపోతే ఆ మలుపు దగ్గర నేనూ కాస్త తొందరగానే నడుస్తాను. అది వేరే సంగతి.

అలాంటి ఇంటిని కౌశిక్ కొన్నాడు.

కౌశిక్ మా ఆఫీసులో నాతో పనిచేసే కాకినాడ కుర్రాడు. ఎవరేం చెప్పినా "దానికి ప్రూఫ్ ఏంటన్నా?" అంటాడు. ఎన్నో ఏళ్ళు అపార్ట్‌మెంట్లలో పై ఫ్లోర్ వాళ్ళ అడుగుల చప్పుడు విని విసిగిపోయి, సొంత ఇల్లు, పెరట్లో పిల్లకి ఒక ఉయ్యాల అని కలలు కన్నాడు. అతని భార్య నమ్రత మాత్రం ఆ ఇల్లు వద్దనే అంది. చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకుంది. ఎప్పుడైనా, ఏదైనా తేడాగా అనిపిస్తే... వాదించకుండా అమ్మేయాలి.

ఆ తర్వాత జరిగింది కౌశిక్ నాకు చెప్పింది చెప్పినట్టే చెప్తాను. చివరి ముక్క నమ్రతకి ఈ రోజుకీ తెలియదు. మీరూ చెప్పకండి.

చలికాలం మొదట్లో అతని తల్లి కృష్ణకుమారి గారు ఇండియా నుంచి వచ్చారు. మనవరాలు అనికని పక్కలో వేసుకుని కింద గదిలో పడుకునేవారు. ఆ గది గోడకి అవతలే గరాజ్. ఆ గోడకి ఆనుకునే హీటర్.

ఒకరోజు పొద్దున్నే అనికని స్కూల్‌కి తీసుకెళ్ళడానికి నమ్రత గరాజ్‌లోకి వెళ్ళింది. హీటర్ కింద నేల తడిగా ఉంది. అక్కడి నుంచి సన్నటి నీటిచార ఒకటి — బయటికి కాదు — ఇంట్లోకి వచ్చే తలుపు వైపు పాకి వచ్చింది.

సాయంత్రానికి ఆరిపోయింది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఉంది.

నమ్రత కౌశిక్‌ని పిలిచి ఆ తడి చూపించింది. మొగుడి వైపు చూసిందంతే.

"హీటర్ లీకవుతోంది. ఇందులో భయపడ్డానికేముంది?" అన్నాడు కౌశిక్. నీటిచార లోపలికి రావడానికి కూడా కారణం చెప్పాడు... టెక్సాస్ బంకమట్టికి నేల ఒక పక్కకి ఒరుగుతుందట. నా దగ్గరికి వచ్చి పెద్ద పానా పట్టుకెళ్ళాడు. ట్యాంకుకే చిల్లు పడితే మొత్తం మార్చాల్సిందే, పైపుల దగ్గరైతే తనే బాగుచేసుకోవచ్చు. ఎక్కడ కారుతోందో తెలియడానికి చన్నీళ్ళ పైపుకి, వేణ్ణీళ్ళ పైపుకి, పక్కనున్న సేఫ్టీ వాల్వ్‌కి, అడుగున నీళ్ళు వదిలే కుళాయికి, అన్నిటికీ టిష్యూ పేపర్లు చుట్టి పడుకున్నాడు.

పొద్దున్నే చూస్తే పేపర్లన్నీ పొడిగా ఉన్నాయి. నేల తడిగా ఉంది.

కుళాయి బిగించాడు. సేఫ్టీ వాల్వ్ కొత్తది వేశాడు. పైన తడి లేదు... పక్కన తడి లేదు... నీళ్ళు మాత్రం రోజూ వస్తున్నాయి.

తర్వాత చప్పుడు మొదలైంది. తెల్లవారకముందు ఎప్పుడో, పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు — చుయ్... చుయ్... నమ్రతకి మెలకువ వచ్చి, పక్క మీద కూర్చుని వినేది.

"అత్తయ్యా, మీకు రాత్రిపూట గరాజ్‌లోంచి ఏమైనా వినిపిస్తోందా?" అని అడిగిందొకరోజు.

కృష్ణకుమారి గారు కాఫీ గ్లాసులోంచి తల ఎత్తలేదు. "నాకేం వినపడట్లేదమ్మా," అన్నారు. అడగ్గానే అన్నారు.

సీరియల్ తింటున్న అనిక మాత్రం అంది, "నాకు వినిపించింది అమ్మా. ఎవరో దగ్గుతారు దేర్. ఎర్లీ మార్నింగ్."

ఆ రోజే నమ్రత పిల్ల పక్కబట్టలు మేడ మీదకి మార్చేసింది. "శనివారం ఏజెంట్‌ని రమ్మన్నాను కౌశిక్. ఇల్లు అమ్మేద్దాం. నువ్వు మాటిచ్చావు," అంది.

ఆ మధ్యాహ్నం కౌశిక్ నా డెస్క్ దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"అన్నా... నమ్రతే చేస్తోందేమో."

"ఏం చేస్తోంది?"

"నీళ్ళు. తనకి ఆ ఇల్లు మొదటినుంచీ ఇష్టం లేదు కదా. మగ్గుతో పోసేసి..."

ఆ మాట విన్నాక నాకు నిజంగా బాధేసింది. దెయ్యం సంగతి దేవుడెరుగు, ఆ ఇల్లు మొగుడూ పెళ్ళాలని ఇంతదాకా తెచ్చింది. నోరు ముయ్యమని గట్టిగానే చెప్పాను. కానీ అనుమానం ఒకసారి పుట్టాక ఊరికే పోతుందా.

ఆ సాయంత్రం హీటర్‌తో కంపెనీవాళ్ళిచ్చిన పుస్తకం తీసి చదివితే అతనికొక సంగతి తెలిసింది. గ్యాస్ హీటర్ ట్యాంకు నిండా చన్నీళ్ళున్నప్పుడు ఒక్కసారిగా పెద్ద మంట పెడితే, ట్యాంకు అడుగున చెమట పడుతుందట. ఆ చెమట బొట్లు బర్నర్ మీద పడి చుయ్‌మంటాయి, మిగిలింది నేల మీదకి కారుతుంది. చూసేవాళ్ళకి అది అచ్చం లీకే.

కానీ మన ట్యాంకు ఎందుకు చల్లబడుతుంది, మనమెప్పుడూ వేడి పెంచే నాబ్ ముట్టుకోం కదా, అనుకుంటూ టార్చి పట్టుకుని వెళ్ళి చూశాడు.

ఇల్లు కొన్నప్పుడు మధ్యలో ఉన్న నాబ్... ఇప్పుడు చివరికంటా పైకి తిప్పి ఉంది.

అంటే ఎవరో తిప్పుతున్నారు. రాత్రి తగ్గిస్తున్నారు, తెల్లవారకముందు పెంచుతున్నారు. ఎవరో ఏమిటి... ఇంట్లో ఉన్నది ఎంతమంది?

ఆ రాత్రి ఆఫీసు పనుందని నమ్రతకి చెప్పి, గరాజ్‌లో కారెక్కి వెనక సీట్లో కూర్చున్నాడు. లైట్లు ఆర్పేశాడు. హీటర్ అడుగున చిన్న నీలి మంట ఒక్కటే వెలుగుతోంది. స్నానాలయ్యాయి, అంట్లు కడగడం అయింది, ఇల్లు సద్దుమణిగింది. కౌశిక్ కళ్ళు తలుపు మీద నుంచి తియ్యలేదు. నమ్రత రాకూడదని మొక్కుకున్నాడట. ఇంకెవరు వచ్చినా ఫరవాలేదనుకున్నాడట.

తలుపు కదిలింది.

లైటు వెయ్యలేదు. అడుగుల చప్పుడు లేదు... తెల్లటి ఆకారం ఒకటి, తల మీద నుంచి కప్పుకుని, గోడ పట్టుకుంటూ హీటర్ దగ్గరికి వచ్చింది. ట్యాంకు మీద చెయ్యి ఆనించింది. పెదవులతో ఏదో గొణుక్కుంది. వంగింది...

కర్ర్‌మని నాబ్ తిరిగింది.

కౌశిక్ చీకట్లో హ్యాండిల్ కోసం తడుముకున్నాడు. ఎలాగో కారు తలుపు తీశాడు. కారులో లైటు వెలిగింది.

"అమ్మా?"

కృష్ణకుమారి గారు తెల్లశాలువా కప్పుకుని, దొరికిపోయిన చిన్నపిల్లలా నిలబడిపోయారు. ఆ అలికిడికి నమ్రత మెట్లు దిగి పరిగెత్తుకొచ్చింది.

వంటింట్లో ముగ్గురూ కూర్చున్నారు.

"కాకినాడలో మన ఎదురింటివాళ్ళ గీజర్ గుర్తులేదా నాన్నా? ఆపడం మర్చిపోయి పడుకుంటే పేలి బాత్‌రూమ్ గోడ కూలిపోలేదూ?" అన్నారావిడ. "ఇక్కడేమో మీరు రాత్రీ పగలూ ఆపనే ఆపరు. పిల్ల తల ఆ గోడకే ఉంటుంది. నాకు నిద్రెలా పడుతుంది చెప్పు. మీతో అంటే నవ్వుతారు. అందుకని మీరు పడుకున్నాక నేనే వెళ్ళి, ఆంజనేయ దండకం రెండు ముక్కలు చదువుకుని, తగ్గించి వచ్చేదాన్ని."

"పిల్ల పైకి మారిపోయింది కదా అత్తయ్యా. ఇంకా ఎందుకు వెళ్ళడం?"

"మీరందరూ మాత్రం ఈ ఇంట్లోనే ఉన్నారు కదమ్మా."

"మరి నేనడిగితే ఏం వినపడలేదన్నారు?"

"నా గుట్టు బయటపడిపోతుందని."

కౌశిక్ నవ్వు ఆపుకోలేకపోయాడు. కాగితం మీద బొమ్మ వేసి మరీ చెప్పాడు. స్నానాలకి వేణ్ణీళ్ళన్నీ అయిపోయి ట్యాంకులో చన్నీళ్ళు నిండుతాయి. అమ్మ నాబ్ తగ్గించేస్తుంది కాబట్టి రాత్రంతా అవి వేడెక్కవు. తెల్లవారకముందు నాబ్ పైకి తిప్పగానే పెద్ద మంట, దానికి ట్యాంకుకి చెమట. అనిక విన్న దగ్గు కూడా బర్నర్ భగ్గుమని అంటుకునే చప్పుడే అయి ఉంటుంది. దెయ్యమూ లేదు, చిల్లూ లేదు. తల్లిని గరాజ్‌లోకి తీసుకెళ్ళి సేఫ్టీ వాల్వ్ చూపించాడు. "ఒత్తిడి పెరిగితే ఇది తెరుచుకుని నీళ్ళు వదిలేస్తుందమ్మా. మొన్నే కొత్తది వేశాను," అని ధైర్యం చెప్పి, నాబ్ మధ్యకి తిప్పాడు.

నమ్రత కూడా నవ్వింది. ఎన్నో రోజుల తర్వాత నవ్వింది. అతని భుజం మీద చెయ్యి వేసి, "ఏజెంట్‌ని రావద్దని చెప్పేస్తాలే. అనికని కూడా కిందకి తెచ్చేద్దాం," అంది.

ఈ మనిషినా నేను అనుమానించింది అని కౌశిక్ సిగ్గుతో చచ్చిపోయాడట. ఇల్లు దక్కింది. భార్య దక్కింది. ఇంక కావలసిందేముంది?

కృష్ణకుమారి గారు శాలువా సర్దుకుంటూ పడుకోవడానికి లేచారు. గది గుమ్మం దగ్గర ఆగి, కొడుకు వైపు తిరిగారు.

"అయినా నీ ఓర్పే ఓర్పు నాన్నా. నేను రోజూ తగ్గించి వస్తున్నానని తెలిసి కూడా నన్నొక్క మాట అనలేదు. చలిలో తెల్లవారకుండా లేచి, వెళ్ళి మళ్ళీ పెంచి వచ్చేవాడివి... రోజూ గోడవతల నుంచి నీ అలికిడి వింటూనే ఉన్నాను." కాస్త ఆగారు. "ఆ దగ్గేంటి మరీ అంతలా? పగలు ఎలా ఆపుకుంటున్నావో. రేపు మిరియాల కషాయం పెట్టిస్తాను, తాగు."

కౌశిక్ ఏనాడూ తెల్లవారకముందు లేవలేదు. ఈ రాత్రి తప్ప ఆ నాబ్ మీద చెయ్యి వేసి ఎరగడు. ఆ చలికాలం అతనికి జలుబు కూడా చెయ్యలేదు.

నమ్రత చెయ్యి ఇంకా అతని భుజం మీదే ఉంది. ఆ చెయ్యి బిగుసుకోవడం తెలుస్తోంది. ఆమె అతని ముఖంలోకే చూస్తోంది.

కౌశిక్ గుప్పిట నోటికి అడ్డం పెట్టుకుని, చిన్నగా దగ్గాడు.

"అలాగేనమ్మా," అన్నాడు.