ఒక్క చేతి కొలత

మొదటిరోజే కరెంటమ్మ అట్టబాబు మెషిన్‌కి చిల్లు పెట్టింది.

మెషిన్ అంటే అసలుది కాదు, అట్టతో కట్టిన నమూనా. అతను ఆ కంపెనీలో డిజైనర్. ఏది గీసినా ముందు అసలు సైజులో అట్టతో కట్టి చూస్తాడు గనక వర్క్‌షాపంతా అతన్ని అట్టబాబు అనేది. ఈసారి కట్టింది ప్లాస్టిక్ కరిగించి గుండీలు పోసే మెషిన్. ఫ్యాక్టరీల్లో అది గది నిండా ఉంటుంది. దాన్ని చిన్న దుకాణంలో బల్ల మీద పట్టేంతగా కుదించాలి.

ఆమె వైరింగ్ చూడటానికి కొత్తగా చేరిన ఇంజినీరు, అందుకే వర్క్‌షాపుకి కరెంటమ్మ. నమూనా చుట్టూ తిరిగి చూసి, లోపల ఫ్యూజ్ మార్చాలంటే చెయ్యి ఎక్కణ్ణించి పెట్టాలని అడిగింది.

"ఫ్యూజ్ అస్తమానం పోదండీ," అన్నాడతను.

"పోయిన రోజున మంత్రం వేస్తారా?"

అంటూనే అతని కత్తే తీసుకుని పక్క అట్ట కోసి, చెయ్యి లోపల పెట్టి వేళ్లాడించి చూపించింది. అతనికి ఒళ్లు మండింది. కోసిన చోటు సరైనదే కావడంతో ఇంకాస్త మండింది.

ఆ చిల్లే ఫ్యూజ్ మార్చే తలుపైంది, అదే వాళ్ల పద్ధతీ అయింది. మోటారు జరిగితే తలుపు జరపాలి. అతను అట్ట కోసేవాడు, ఆమె చెయ్యి పెట్టేది. మణికట్టు రాసుకుంటోందనేది, వేలు మడవలేకపోతున్నాననేది. ఒక్కోసారి ఏమీ తగలకపోయినా తగులుతోందనేది. ఆ సంగతి అతనికి తెలుసు. అయినా మళ్లీ కోసేవాడు.

ఒక ఆదివారం ఆఖరి నమూనాని ఇంటికి తెచ్చుకున్నాడు. వదిన వంటింట్లోంచి వచ్చి ఆ చిన్న తలుపులో చెయ్యి పెట్టబోయింది. అరచెయ్యి దగ్గరే ఇరుక్కుంది.

"ఇదెవరి చెయ్యి మరిదీ?"

"స్టాండర్డ్ కొలత వదినా."

"ఆ స్టాండర్డ్‌ని ఓసారి ఇంటికి తీసుకురా. కాఫీ ఇస్తాను."

అతను నవ్వేశాడు. ఇలాంటి తలుపుని లావుపాటి చేతికి కొలవాలన్నది డిజైన్ చదువులో మొదట చెప్పే పాఠం. ఆ పాఠం అతనికి గుర్తు రాలేదు.

మెషిన్ తయారీకి వెళ్లిన వారం ఒక సాయంత్రం వాన పట్టుకుంది. అందరూ తడుస్తూనే వెళ్లిపోయారు. ఇద్దరే షెడ్డు కింద మిగిలారు. ఆమె తనకి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చిందని చెప్పింది. ఇంకా ఏమీ ఒప్పుకోలేదంది.

"వెళ్లమంటారా?"

ఉండమని అడగడానికి తానెవరన్నది అతని అనుమానం. అడిగితే ఆమె దారికి అడ్డుపడ్డట్టవుతుందనీ అనుకున్నాడు. వాన వైపు చూస్తూ జోకులా అనేశాడు.

"మెషిన్ అయిపోయింది కదండీ. ఇక ఫ్యూజ్ మార్చడానికి ఎవరి చెయ్యైనా సరిపోతుంది."

 ఆమె సంచిలోంచి గొడుగు తీసి, విప్పుకుని వెళ్లిపోయింది. అంతసేపూ ఆమె దగ్గర గొడుగుందని అతనికి అప్పుడు తెలిసింది.

ఆమె ఊరు మారింది. మెషిన్లు దుకాణాలకి చేరాయి. కొన్నాళ్లకి ఫిర్యాదులు మొదలయ్యాయి. ఫ్యూజ్ పోతే మార్చడానికి ఎవరి చెయ్యీ పట్టడం లేదు. మేనేజర్ ఒక మెషిన్ వెనక్కి తెప్పించి వర్క్‌షాపులో అందరిచేతా చెయ్యి పెట్టించాడు.

"ఏమయ్యా, ఇందులో చెయ్యి పెట్టి చూసినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?"

"ఒక్కరున్నారు సార్," అన్నాడు అట్టబాబు.

ఎవరని మేనేజర్ అడగలేదు. తలుపు పెద్దది చేస్తే వైర్లు ఎటు మళ్లించాలో చెప్పమని ఆమెనే ఒక రోజుకి పిలిపించాడు.

వచ్చింది. వచ్చే నెల పెళ్లని ఆమే చెప్పింది. అతను శుభాకాంక్షలు చెప్పాడు. మెషిన్ దగ్గరికెళ్లి ఆమె అలవాటుగా తలుపులో చెయ్యి పెట్టింది. ఉంగరం అంచుకి తగిలి చెయ్యి ఆగిపోయింది.

"ఉంగరం తీస్తే పడుతుంది. తీయనా?"

"వద్దండీ. తలుపే పెద్దది చేస్తాను." తలుపు అంచు వేలితో తడుముతూ అన్నాడు. "ఎవరి చెయ్యైనా సరిపోతుందని ఆ రోజు అబద్ధం చెప్పాను. మీ చెయ్యి తప్ప ఇంకెవరిదీ కొలవలేదు."

"తెలుసు. అందుకే ఆ రోజు మీరు ఆ మాట అనేదాకా గొడుగు తియ్యలేదు."

అతను పాత నమూనాని వర్క్‌షాపు అటక మీంచి దింపాడు. అట్ట కదలకుండా ఆమె పట్టుకుంది. పాత తలుపు చుట్టూ పెద్దగా గీత గీసి అతను కోశాడు. మేనేజర్ చెయ్యి మోచేతి దాకా వెళ్లింది. ఏమీ తగలడం లేదన్నాడాయన.

కోసిన ముక్క నేల మీద పడింది. దాని మధ్యలో పాత తలుపు అలాగే ఉంది. ఆమె వంగి దాన్ని తీసి, చెయ్యి దూర్చబోయి, ఆగి, బల్ల మీద పెట్టింది.