పావుగంట వేళాకోళం

"ఈ పనికీ నేనేనా, మేడమ్?" అన్నాడు గూఢచారి ఖగేంద్ర రెగ్మీ, కాఠ్మాండూ ఆఫీసులో విరగని కుర్చీ వెతుక్కుంటూ. యాభై నాలుగేళ్లు. పైన మంచు కరుగుతోంది, కింద మోకాళ్లు అరుగుతున్నాయి. రెండింటికీ రిపోర్టులే తప్ప వైద్యం లేదు.

చీఫ్ బాస్నెత్ మేడమ్ తల ఎత్తలేదు. "మీ ఊరే. ఠూలోబగర్. పైన మంచు సరస్సు గట్టు తెగితే ఎనిమిది నిమిషాల్లో ఊరు ఉండదు. అందుకే సైరన్ పెట్టాం. రేపు పదకొండింటికి ఓ విదేశీ ముఠా దాన్ని ఉత్తినే మోగిస్తుంది. పోలీసులతో సహా ఊరంతా కొండెక్కుతుంది. ఖాళీ అయిన సరిహద్దు చౌకీలో వాళ్లు దొంగచాటుగా మాటలు వినే యంత్రం బిగిస్తారు."

"నిరుడు పొరపాటున మోగినప్పుడే మా దిదీ కొండెక్కుతూ కాలు విరగ్గొట్టుకుంది. మళ్లీ అబద్ధం కూస్తే, ఆ తర్వాత నిజం కూసినా లేవనంది. సై అని రన్ చెయ్యాల్సిన సైరన్ నైరన్ అయిపోతుంది మేడమ్."

"అదే నా భయం, దాయ్."

మేడమ్ నోట 'దాయ్' వచ్చిందంటే, అంటే 'అన్నా' అని పిలిచిందంటే, ప్రాణాల మీదికి వచ్చే పనే.

"కబురు ఎవరిది?"

"వెరా. మంచు సైంటిస్టు. వాళ్లింటా తింటుంది, మనింటా తింటుంది."

"ఎక్కడా చెయ్యి మాత్రం కడగదు."

వేషం: ఛుర్పీ అమ్మేవాడు. పళ్లు విరిగేంత గట్టి జున్ను, ఒక బస్తా. ఆయుధం: పెన్ కెమెరా. కెమెరా పనిచెయ్యదు, పెన్ను రాస్తుంది.

కొండచరియ విరిగిపడి జీపు ఆగిపోయింది. బస్తా మోసుకుంటూ నడిచాడు. ఊరి వంతెన మీదికి వచ్చేసరికి చేతి గడియారంలో పదకొండు. ఆగి చెవి ఒగ్గాడు. ఏటి హోరు తప్ప ఏమీ లేదు.

వాకిట్లో బంగాళాదుంపలు ఏరుతున్న దిదీ, అతని అక్క, తల ఎత్తింది. "ఒరే కాంఛా, చిన్నోడా! ఆ మీసం ఎవరిదిరా?"

"ఆఫీసుది. సైరన్ మోగిందా?"

"లేదు. మోగినా నేను లేవను. నువ్వూ కూర్చో."

కూర్చోవాలనే ఉంది. పరిగెత్తాడు.

సైరన్ గదిలో వెరా. ఎర్ర కోటు, చేతిలో పిస్తోలు. అతని చేతి గడియారం పదకొండూ పన్నెండు నిమిషాలు చూపిస్తోంది.

"వాన పడేలా ఉంది," అన్నాడు కోడ్ ప్రకారం, రొప్పుతూ.

"గొడుగు అమ్మేశాను. నిన్ను కూడా. ఇవాళ నేను వాళ్ల మనిషిని. ముందే వచ్చావే! ఇంకా మూడు నిమిషాలుంది."

ఆమె మణికట్టు మీద పదీ యాభై ఏడు.

"ఎప్పుడొచ్చావు?"

"నిన్న, ఢిల్లీ నుంచి."

"గడియారం మార్చలేదా?"

"పావుగంట తేడాకి ఎవరు మారుస్తారు?"

"మేం మారుస్తాం. పక్కింటి ఢిల్లీకన్నా మేం ముందున్నది ఆ పావుగంట ఒక్కదాంట్లోనే."

ఆమె తన గడియారం వైపు చూసింది. ఆ చూపు చాలు. బస్తా విసిరాడు. పిస్తోలు ఎగిరిపడింది, ఛుర్పీ ముక్కలు గదంతా దొర్లాయి. వాటి మీద కాలు జారి వెరా కూలబడింది. అతను వైర్ల కోసం తడుముకున్నాడు. ఇంకా రెండు నిమిషాలు. ఒకటి. పీకేశాడు.

ఊరు కదల్లేదు. తమ గడియారాల్లో పదకొండు దాటగానే ఖాళీ చౌకీ అనుకుని లోపలికి వచ్చిన ముఠాను, టీ తాగుతున్న పోలీసులు గ్లాసులు దించి మరీ పట్టుకున్నారు.

'ఆలస్యానికి కారణం' అన్న గడిలో రెగ్మీ ఆ పెన్నుతోనే రాశాడు: "దేశం పావుగంట ముందు. నేను పన్నెండు నిమిషాలు లేటు. మిగిలిన మూడు నిమిషాలు సెలవుగా మంజూరు చేయగలరు."