ఊఁ అనకూడని మలుపు

మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ మలుపు మంచిది కాదని మా దగ్గర అందరూ చెప్పుకుంటారు. చీకటి పడ్డాక అటు వెళ్తే, సన్నటి గొంతుతో ఎవరో ఏదో అడుగుతారట. అడక్కుండా మాత్రం ఏమీ చేయదట... అంత మర్యాదస్తురాలు. పొరపాటున ఊఁ అన్నామా — ఇక అంతే సంగతులు.

నేను నమ్మేవాణ్ణి కాదు. నాది బళ్ల సొట్టలు తీసే షెడ్డు. ఆ ఫ్యాక్టరీ గోడకి గుద్దిన బళ్లన్నీ నా దగ్గరికే వస్తాయి. ఏమైంది బాబూ అంటే ప్రతివాడిదీ ఒకటే మాట, "దెయ్యం అడ్డొచ్చింది." సీటు కింద చేయి పెడితే ఫోను దొరుకుతుంది. దెయ్యం మాత్రం ఒక్కసారీ దొరకలేదు.

మా తోడల్లుడు ఆసుపత్రి దుప్పట్లు మోసే పాత వ్యాను నడుపుతాడు. అందరూ వాణ్ణి 'హలో బావ' అంటారు. చెవికీ భుజానికీ మధ్య ఫోను లేకపోతే వాడి మెడ నిటారుగా నిలబడదు. "అంత అర్జెంటైతే బండి పక్కకి ఆపి మాట్లాడరా, లేకపోతే నీ మెడకి కూడా నేనే సొట్ట తీయాల్సొస్తుంది" అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఆ రాత్రి ఏడేళ్ల కూతుర్ని అమ్మమ్మగారింటి నుంచి తీసుకొస్తున్నాడు. పాప వెనక సీట్లో బెల్టు పెట్టుకుని, దుప్పట్ల మూటకి ఆనుకుని నిద్రపోతోంది. ఫోన్లో మా మరదలు. కుళాయి కారుతోందంటుంది, వీడు ఊఁ అంటాడు. ప్లంబరు రేపొస్తాడట అంటుంది, మళ్లీ ఊఁ. పెళ్లయిన తొమ్మిదేళ్లలో వీడు ఆవిడతో మాట్లాడిందంతా ఆ ఒక్క అక్షరమే.

మలుపు దగ్గరికొచ్చేసరికి — వాడు చెప్పింది చెప్పినట్టే చెప్తున్నా — ఇంకో గొంతు వినిపించిందట. సన్నగా...

"ఇది తీసేయనా?"

"ఊఁ" అన్నాడు అలవాటుకొద్దీ.

"కిటికీ తీయనా?"

"ఊఁ."

చల్లగాలి రివ్వున మెడకి తగిలింది. రోడ్డు మీద ఒక్క లైటు లేదు. మా మరదలు ఇంకా కుళాయి వాషరు దగ్గరే ఉంది.

"తలుపు తీసుకుని... దిగిపోనా?"

"ఊ—"

సగంలో నాలుక ఆగిపోయింది. ఫోన్లో మా మరదలు ఆపకుండా మాట్లాడుతూనే ఉంది... మరి అడిగిందెవరు? రెండు కాళ్లతో బ్రేకు తొక్కేశాడు. వ్యాను కీచుమంటూ ఫ్యాక్టరీ గోడకి జానెడు దూరంలో ఆగింది.

వెనక్కి తిరిగే ధైర్యం లేదు. "అమ్మా, తల్లీ..." అని గొణిగాడు. "దుప్పట్లన్నీ తీసుకో. ఉతికినవే. మమ్మల్ని వదిలెయ్."

"దుప్పట్లెందుకు నాన్నా? నాకు పాస్ వస్తోంది."

అప్పుడు తిరిగి చూశాడు. పాప ఒంటి మీద బెల్టు లేదు. ముందు సీటుకి కొట్టుకుని నుదురు బొప్పి కట్టింది. తలుపు గడియ తీసి ఉంది. చేయి ఇంకా పిడి మీదే ఉంది.

"నువ్వే కదా ఊఁ అన్నావ్" అంది.

ఇంకొక్క క్షణం ఆలస్యమై ఉంటే పాప పరుగెత్తే బండిలోంచి దిగేసేది. వాడు స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చేశాడు. నాకు చెప్తూ మళ్లీ ఏడ్చాడు.

కింద పడిన ఫోన్లోంచి "వింటున్నారా?" అంటోంది మా మరదలు.

"లేదు. ఒక్క ముక్కా వినలేదు" అన్నాడు, తొమ్మిదేళ్లలో మొదటిసారి. "ఇంటికొచ్చి మాట్లాడతా." ఫోను ఆపేసి డాష్‌బోర్డు పెట్టెలో పడేశాడు.

పాపని దింపి, గోడ పక్కకి పంపి, తను అటు తిరిగి నిలబడ్డాడు. చీకట్లో పాప ఏదో మాట్లాడుతోంది, ఆగుతోంది, మళ్లీ మాట్లాడుతోంది. కాసేపటికి పరుగెత్తుకుంటూ వచ్చి, బెల్టు తనే పెట్టుకుంది.

"అంతసేపూ ఎవరితోనే మాటలు?"

"అక్కడొక అక్క ఉంది నాన్నా. వాళ్ల నాన్న కూడా ఊఁ అన్నాడంట."